వత్తి

కార్తిక పూర్ణిమనాటి సాయంకాలమున రాజమహేంద్రవరములోని పుష్కరఘట్టమునకు పోయి చూచినచో గోదావరిపై లెక్కలేనన్ని దీపములు కనబడును. స్త్రీలు వానిని అరటిదొప్పలలో పెట్టి నీటిపై విడుతురు. గట్టున నిలిచి కొంతసేపు గమనించినవారికి ఒక విశేషము తోచును. ఒకే రేవున, ఒకే ఘడియలో విడిచిన దీపములలో కొన్ని నాలుగు బారలైన పోకమునుపే కొండెక్కును. మరికొన్ని కనుచూపుమేర మెరయుచునే దిగువకు సాగిపోవును. ఆరినవానిని గాలి ఆర్పినదని అందరును అందురు. కాని గాలి అన్నింటికిని ఒక్కటియే గదా! దొప్పలోను, నేతిలోను గల భేదము స్వల్పము. చాలవరకు భేదమంతయు వత్తిలో ఉన్నది.

"వత్తి" అను మాట సంస్కృతమందలి "వర్తి" శబ్దమునకు వికృతి. అగరువత్తి, కొవ్వొత్తి మున్నగు పేరులలో ఉన్నది ఇదియే. కొవ్వొత్తి యనగా కొవ్వుతో చేసిన వత్తి. ఇప్పటి కొవ్వొత్తులలో కొవ్వు సాధారణముగా ఉండదు. ముడి చమురునుండి తీసిన మైనము ఉండును. ఐనను పేరు మారలేదు. ఆ పేరు పెట్టినవారు ఇంధనమును మాత్రమే గాక వత్తిని కూడ పేరులో నిలుపుట నాకు మిక్కిలి ఉచితముగా తోచును. కొవ్వు పోయినను, దాని స్థానమున మరియొకటి వచ్చినను, వత్తి మాత్రము వత్తిగానే నిలిచినది.

వత్తి చేయు పని యేమి? "వెలుగుట" యని చాలమంది చెప్పుదురు. అది సరికాదు. వెలుగునది నూనె, దానిని జ్వాలకు అందించునది వత్తి. మన డెల్టాలో పుట్టిన పిల్లలకు ఈ సంగతి తెలుపుటకు కాలువను మించిన ఉపమానము లేదు. సర్ ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించెను. ఆ ఆనకట్ట స్థానమున నేడు బ్యారేజి ఉన్నది. అచ్చట నిలిచిన నీరు పెద్ద కాలువలలో పారి, పిల్లకాలువలలోనికి మరలి, తూములను దాటి, బోదెలగుండ చేను చేరును. తూము ఇరుకైనచో చేను ఎండును. అదుపులేక వదలినచో వరి మునిగి కుళ్ళును. దీపములో నూనె చెరువు, వత్తి తూము, జ్వాల చేను. జ్వాల ఎంత త్రాగగలదో అంతయే వత్తి అందించుచున్నచో దీపము నిలుకడగా ఉండును. తక్కువ అందించినచో కునికి ఆరును. ఎక్కువ అందించినచో ఎగసి పొగ క్రక్కును. దీపములకు వచ్చు రోగములలో పెక్కు ఈ రెండింటిలో ఒకటిగా తేలును.

కాలువలో నీరు పల్లమునకు పారును. వత్తిలో నూనె పైకి ఎక్కును. ఇది యెట్లు? నూలుపోగులనడుమ వెంట్రుకకంటె సన్నని సందులు అనేకములు కలవు. అట్టి సందులలో ద్రవము తనంతట తానే పైకి ప్రాకును. దీనినే కేశనాళికా చర్య యందురు. సందు ఎంత సన్నమైన ద్రవము అంత ఎత్తునకు ఎక్కగలదు. కాని అంత మెల్లగాను, అంత కొద్దిగాను ఎక్కును. ఈ రెండు మాటలను కలిపి జ్ఞాపకముంచుకొనుడు. వత్తిని గట్టిగా మెలిపెట్టినచో సందులు మూసికొనిపోయి నూనె చాలదు. బొత్తిగా వదులుగా పేనినచో నూనె మితిమీరి వచ్చును.

ఇక పైకెక్కిన నూనె కూడ ద్రవరూపమున మండదు. వేడికి ఆవిరియై, ఆ ఆవిరి మండును. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే అను శాస్త్రజ్ఞుడు 1848లోను, మరల 1860-61లోను బాలబాలికలకు కొవ్వొత్తి యొక్క రసాయన చరిత్రనుగూర్చి ఉపన్యాసములిచ్చెను. అందు ఆయన చూపిన ప్రయోగమొకటి మీరును పెద్దల సమక్షమున చేసి చూడవచ్చును. గాలి కదలని గదిలో కొవ్వొత్తిని మెల్లగా ఊది ఆర్పుడు. వత్తినుండి తెల్లని పొగ తీగవలె లేచును. మండుచున్న అగ్గిపుల్లను వత్తికి తాకింపక, ఆ పొగతీగకు తాకింపుడు. మంట ఆ తీగవెంట దిగివచ్చి వత్తిపై నిలుచును. ఆ తెల్లని పొగ మైనపు ఆవిరి గడ్డకట్టగా ఏర్పడినది. ప్రక్కనే ఉన్న వత్తి మండక నిలిచియుండుటకు కారణము కూడ ఇదియే. నూనె వచ్చి తడుపుచున్నంతవరకు వత్తి మెల్లగా నల్లబడునే గాని కాలిపోదు. నూనె అందనినాడు వత్తియే మండి బూడిదయగును. ప్రమిదలో నూనె అయిపోయినప్పుడు వచ్చు కమురు వాసన మీ అందరికి తెలిసినదే.

మన ఇండ్లలో వత్తులు పలురకములు. నిలువుగా పేనినవి కొన్ని. క్రింద ప్రత్తిని గుండ్రముగా ఉంచి పైన కొనదీర్చిన పువ్వువత్తులు కొన్ని. కార్తిక పూర్ణిమనాడు వెలిగించు మూడువందల అరువదియైదు వత్తుల కట్ట వేరొక విధము. ఆ కట్టను నేతిలో ముంచి వెలిగించినప్పుడు మంట మూరెడు లేచుట, కొద్దిసేపటిలో సమసిపోవుట చూచియుందురు. అన్ని తూములు ఒక్కసారి తెరచినట్లే గదా! నిలువు వత్తి నూనెలో పండుకొని, కొన మాత్రము ప్రమిద అంచున వెలుగును. పువ్వువత్తికి క్రిందిభాగము వెడల్పై నూనెను బాగుగా పీల్చును, పైకొన సన్నమై కొలత తప్పక అందించును. ఎవరు కనిపెట్టిరో గాని, చక్కని ఉపాయము.

వత్తి ఎట్టిది కావలయునో నూనె నిర్ణయించును. ఆముదము జిగట; నువ్వులనూనె, కొబ్బరినూనెలకంటె అనేక రెట్లు మందముగా కదలును. దానికి లావైన, వదులైన వత్తి కావలెను. కొన నూనెకు దగ్గరగా ఉండవలెను. కిరసనాయిలు నీరువలె పలుచన. లాంతరులోని పట్టీవత్తిలో అది జానెడు దూరమైనను చకచక ఎక్కును. కనుకనే లాంతరులో నూనె అడుగున ఉండి మంట పైన ఉండవచ్చును. ఆముదపు దీపమున అట్లు సాగదు. లాంతరుకు ప్రక్కనున్న చిన్న మరచక్రము వత్తిని హెచ్చించుటకు, తగ్గించుటకు ఏర్పడినది. అదియే కాలువకు లాకువంటిది. పూర్వము ప్రమిదవద్ద చిన్న పుల్ల నొకటి ఉంచి వత్తిని ఎగదోయుచుండెడివారు. పనిలో పనిగా ఒక మాట. మసి పుట్టుట దీపమునకు దోషమే. కాని మన అమ్మమ్మలు ఆముదపు దీపముపై పళ్ళెము బోర్లించి ఆ మసినే కోరి పట్టి కాటుక చేసిరి.

కోనసీమవారికి సుపరిచితమైన విషయమొకటి ఇచ్చట చెప్పవలెను. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల సెల్సియసువద్ద గడ్డకట్టును. ధనుర్మాసపు వేకువలలో సీసాలోని నూనె తెల్లని మైనమువలె బిగిసియుండును. ఆ గడ్డ నూనెలో వత్తి గ్రుచ్చి వెలిగించి చూడుడు. మొదట మంట చిన్నదై తడబడును. పిదప దాని వేడికి చుట్టునున్న నూనె కరగి చిన్న మడుగు కట్టును. ఆ మడుగునుండి వత్తి త్రాగ నారంభించును, దీపము కుదుటపడును. కొవ్వొత్తి యనగా ఇంతకంటె వేరు కాదు. ప్రమిదలో నూనె సిద్ధముగా ఉండును. కొవ్వొత్తిలో మంట తనకు కావలసిన నూనెను తానే కరగించుకొనవలెను. కనుక కొవ్వొత్తి వత్తికి బాధ్యత రెండింతలు. మంట మరీ చిన్నదైనచో మడుగు ఏర్పడదు. మరీ పెద్దదైనచో మడుగు పొంగి ప్రక్కలకు కారును.

పాతకాలపు కొవ్వొత్తుల వత్తులు ఉత్త పేనిన దారములు. మైనము తరిగినకొలది నల్లని వత్తి నిడివిగా నిలిచి పొగ విడిచెడిది. కత్తెరతో దానిని మాటిమాటికి కత్తిరింపవలసి వచ్చెడిది. 1825లో ఫ్రాన్సు దేశీయుడైన కాంబసేరె జడవలె అల్లిన వత్తిని ప్రవేశపెట్టెను. అల్లిక బిగువువలన ఆ వత్తి కాలుచు ప్రక్కకు వంగును. కొన మంట అంచునకు వచ్చి, అచ్చట గాలి తగిలి పూర్తిగా బూడిదయై రాలిపోవును. జడ అల్లుట తెలిసిన బాలికలకు ఇందలి నేర్పు వెంటనే బోధపడును.

విద్యుద్దీపములున్న ఈ కాలమున వత్తిగొడవ మనకేల యని మీలో కొందరు అనుకొనవచ్చును. 1996 నవంబరు 6వ తేది రాత్రి పెనుతుపాను కోనసీమపై విరుచుకుపడెను. పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరితోటలు నేలకొరగెను. విద్యుత్ స్తంభములు కూలిన గ్రామములలో అటుపిమ్మట ఎన్నియో రాత్రులు చీకటిలో గడచెను. అట్టి రాత్రి లాంతరైనను, కొవ్వొత్తియైనను సరిగా వెలుగుట ఎంత అవసరమో, దానివలన మరియొక అపాయము రాకుండుట అంతకంటె అవసరము. తడిసిన వత్తి చిటపటలాడును. నిప్పురవ్వ ఎగిరి తాటాకుల కప్పుపై పడిన ఇల్లు దక్కదు.

మరియొక కారణము కూడ కలదు. ఈ మధ్యకాలమున ఇండ్లలో జెల్ కొవ్వొత్తులు చేయుట అలవాటైనది. దీపావళికి స్త్రీలు వీనిని చేసి అమ్ముట కూడ కద్దు. అద్దమువలె పారదర్శకముగా ఉండి, గాజుపాత్రలో అడుగున గవ్వలు, రంగురాళ్ళు కనబడు ఈ కొవ్వొత్తులు 1990ల చివరినుండి ప్రపంచమున ప్రచారములోనికి వచ్చెను. వీనిలో మైనము లేదు. ఎక్కువ భాగము ఖనిజతైలము. దానిని చిక్కబరచుటకు కొద్దిపాటి పాలిమరు కలుపుదురు. అనగా ఇది గడ్డకట్టిన నూనెయే, కాని కొబ్బరినూనెవలె సులభముగా కరగునది కాదు. కరగిన తరువాతను మిక్కిలి చిక్కగా ఉండును. ఆముదమునకువలె దీనికిని కొంత బలమైన వత్తి కావలెను. అందువలన మైనపు కొవ్వొత్తికి సరిపోయిన వత్తిని తెచ్చి దీనిలో వేసినచో తరచుగా చాలదు. అట్లని మితిమీరిన లావు వత్తి వేసినచో అపాయము. జెల్ మైనముకంటె ఎక్కువ వేడితో మండును, పాత్ర గాజుది.

నేను పదవీ విరమణ చేసిన పిదప ఒక ఉన్నత పాఠశాలవారు విజ్ఞాన ప్రదర్శనము చూచుటకు పిలిచిరి. ఎనిమిదవ తరగతి బాలికలు తమ ఉపాధ్యాయిని సాయమున మూడు జెల్ కొవ్వొత్తులు చేసి బల్లపై ఉంచిరి. గ్లాసులు ఒకే కొలతవి. జెల్ ఒకే గిన్నెలో కరగించినది. వత్తులు మాత్రము వేరు. మొదటిదానిలో కుట్టుదారము వేసిరి. అది వెలిగిన కొద్దిసేపటికే తన చుట్టు చిన్న గుంట చేసికొని, ఆ గుంటలోని నూనెలో మునిగి ఆరినది. రెండవదానిలో పూజకు వాడు లావు వత్తి వేసిరి. దాని మంట నాలుగంగుళములు లేచి, గ్లాసు అంచు నల్లబడి, గాజు చేయి పెట్టరానంత కాగినది. ఉపాధ్యాయిని వెంటనే దానిపై ఇత్తడి పళ్ళెము మూసి ఆర్పివేసెను. మూడవదానిలో అల్లిన నూలువత్తి ఉండెను. అది రెండు సెంటీమీటర్ల మంటతో, పొగలేక, ప్రదర్శనము ముగియువరకు వెలిగినది. చూడవచ్చినవారు రెండవదానినే ఎక్కువ మెచ్చుకొనిరి, వెలుగు ఎక్కువని! కాని ఆ బాలికలు తమ పుస్తకములో మూడింటి మంట ఎత్తును, ఆరిన సమయమును వ్రాసికొనియుండిరి. నాకు ఆ పుస్తకము కొవ్వొత్తులకంటె అందముగా తోచినది.

దోషము కనబడినప్పుడు మంటను చూచి కారణము పోల్చవలెను. వత్తి మునిగి ఆరుచున్నచో అది సన్నము. ఒక మెట్టు లావుది వేయవలెను. మంట చుట్టు లోతైన గుంటపడి, పాత్ర అంచువద్ద జెల్ గట్టిగా మిగిలిపోవుచున్నను ఇదియే కారణము కావచ్చును. ఒక్కొక్కప్పుడు మొదటిసారి వెలిగించినప్పుడు తొందరపడి ఆర్పివేయుటవలన కూడ ఇట్లగును. ఐదు సెంటీమీటర్ల వెడల్పు పాత్రను తొలిసారి రెండు గంటలైన వెలుగనీయవలెను. మంట పొడవై, రెపరెపలాడుచు మసి విడుచుచున్నచో వత్తి లావైనను కావలెను, నిడివియైనను కావలెను. మొదట నిడివిని చూడుడు. వెలిగించుటకు ముందు ప్రతిసారియు వత్తిని అర సెంటీమీటరు, మహా యైన కొంచెము పైగా ఉండునట్లు కత్తిరించినచో చాల దోషములు అప్పుడే తీరును. వత్తికొనపై పుట్టగొడుగువంటి నల్లని బుడిపె కట్టుట కూడ నూనె ఎక్కువ వచ్చుచున్నదనుటకు గుర్తు. ఇవేవియు గాక మంట ఒకే ప్రక్కకు వాలుచున్నచో దోషము వత్తిది కాదు, కిటికీది. కొవ్వొత్తిని గాలి తగులని చోటికి మార్చుడు.

కొన్నిసార్లు వత్తి సరియైన లావున ఉండియు వెలుగదు. అట్టిచోట దారమును పరీక్షింపవలెను. బజారులో నూలు పేర అమ్ము దారములలో పాలియెస్టరు కలిసినవి కలవు. దారపు ముక్కను పటకారుతో పట్టుకొని వెలిగించుడు. నూలైనచో కాగితము కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద మిగులును. పాలియెస్టరైనచో ముడుచుకొని, కరగి, గట్టి పూసవలె అగును. ఆ పూసయే వత్తిలోని సందులను మూసివేయును. వానకాలమున నూలు చెమ్మ పీల్చును. దానిని ఎండలో బాగుగా ఆరబెట్టవలెను. జెల్‌లో వేయబోవు వత్తిని ముందుగా కరగిన జెల్‌లోనే ముంచి, దానిలోని గాలి బుడగలన్నియు పోవువరకు ఉంచి తీయుట మంచిది. అట్లు చేయనిచో ఆ బుడగలు తరువాత బయలుదేరి అద్దమువంటి జెల్‌ను మసకచేయును. వత్తి మొదటి నిమిషమున ఎండుదారమువలె కాలిపోవును.

వేడి జెల్ పోసినప్పుడు నూలువత్తి మెత్తబడి వాలిపోవుట మరియొక చిక్కు. దీనికై లోపల సన్నని జింకు తీగ గల వత్తులను చేయుదురు. జింకు దాదాపు 420 డిగ్రీల సెల్సియసువద్ద కరగును గనుక వత్తితోపాటు అదియు తరుగుచు పోవును. పూర్వము కొందరు సీసపు తీగను వాడెడివారు. సీసపు ఆవిరి విషము, అందులోను పిల్లలకు మరింత హాని. అమెరికాలో 2003లో అట్టి వత్తులను నిషేధించిరి. తీగ ఏ లోహముదో తెలియని వత్తిని కొనకుండుట మేలు. ఉత్త నూలువత్తియే వాడదలచినవారు పాత్ర అంచులపై అడ్డముగా ఒక పుల్ల పెట్టి, వత్తి పైకొనను దానికి కట్టి, జెల్ గట్టిపడువరకు నిలుపవచ్చును.

జెల్ కరగించుట పెద్దల పని. ఇంచుమించు 90 నుండి 105 డిగ్రీలవరకు కాచినగాని అది పోయుటకు అనువుగా కరగదు. ధర్మామీటరు లేక ఉజ్జాయింపుగా కాచుట తగదు. సువాసనకై సెంటుగాని, అత్తరుగాని పోయరాదు. జెల్‌లో కలియక గుంటలో నిలిచినది ఒక్కసారిగా భగ్గుమనును. ఎండుపూలను, ప్లాస్టిక్ బొమ్మలను లోపల పెట్టరాదు. మంట వానివరకు దిగినప్పుడు అవియు వత్తులే యగును! పాత్ర దళసరి గాజుదై ఉండవలెను. మంట మితిమీరినచో నీరు పోయరాదు. నీరు తగిలినంతనే కాగిన నూనె చిమ్మును, గాజు పగులును. లోహపు మూత మూసినచో గాలి అందక మంట తానే చల్లారును.

వత్తి అడుగుభాగమున చిన్న రేకుబిళ్ళ బిగింతురు. దానికి నడుమ సుమారు సెంటీమీటరు ఎత్తు గొట్టమువంటి మెడ ఉండుట మంచిది. జెల్ ఆ మెడవరకు తరిగినప్పుడు వత్తికి నూనె అందదు. మంట గాజు అడుగును తాకకముందే ఆరిపోవును. ఆ మెడ లేని వత్తియైనచో అడుగున సెంటీమీటరు జెల్ మిగిలినప్పుడే మనము ఆర్పివేయవలెను. పాత్ర పూర్తిగా చల్లారిన పిమ్మట మిగిలిన జెల్‌ను చెంచాతో తీసి, మసి పట్టిన ముక్కలను ఏరిపారవేసి, తక్కినదానిని క్రొత్త జెల్‌తో కలిపి కరగించుకొనవచ్చును. వత్తి మాత్రము పాతది పనికిరాదు, క్రొత్తది వేయవలెను.